హద్దురాళ్లు, పారీఖత్తులు

వేసవిలో పట్టిసీమ రేవున నిలిచి చూచువానికి గోదావరి ఒక నదివలె గాక, అన్నదమ్ములు పంచుకొని మరల తగవుపడి విడిచిపెట్టిన కమతమువలె కానవచ్చును: నడుమ దేవకూటాద్రియు, దానిపై వీరభద్రస్వామి కోవెలయు, దాని చుట్టును ఎండకు తెల్లబడిన ఇసుకతిన్నెలును, ఆ తిన్నెల సందున సన్నని పాయలై పారు నీరును. ఏటేట వరద వచ్చి ఆ తిన్నెలను తుడిచిపెట్టి, తీయుచు తీయుచు మరియొక చోట మరియొక ఆకారమున వానిని పరచి పోవును. ఇచ్చటినుండి దిగువకు, ధవళేశ్వరము దాటి సముద్రముదాక, లంకభూములు సాగుచేయువారికి తాతల నాటినుండి తెలిసిన సంగతి యొకటి కలదు. దస్త్రములోని భూమి వేరు, కాలిక్రింది భూమి వేరు. వరద కోసికొనిపోయిన చేనికి సర్వే నంబరు అడంగలులో నిక్షేపముగా నిలిచియుండును. క్రొత్తగా మేటవేసిన ఒండ్రునేలకు నంబరే యుండదు. కరణీకములు 1984లో రద్దగువరకు ఈ రెంటికిని పొత్తు కుదుర్చు భారము కరణముపై నుండెడిది. కుదిరినంతవరకు కుదిరెడిది, కుదరనిది కోర్టుకు పోయెడిది.

కంప్యూటరు డిస్కును గూర్చి వ్రాయబూని లంకభూములతో ఆరంభింపనేల యని పాఠకుడు అడుగవచ్చును. క్రొత్త ఆపరేటింగ్ సిస్టమును డిస్కుపై నెలకొల్పునపుడు ఇన్‌స్టాలరు వేయు ప్రశ్నలలో గుండె దడ పుట్టించునది యొక్కటే: ఈ డిస్కును ఎట్లు పంచవలెను? భాష, ఊరు, గడియారము, కీబోర్డు, వీనిలో పొరపడినచో పిమ్మట దిద్దుకొనవచ్చును. పంపకములో పొరపడినచో పదియేండ్ల ఫొటోలును, పూర్తికాని పుస్తకమును ఒక్క మీటతో పోవును. ఆ ప్రశ్న వేయు సాధనము, అనగా ఇన్‌స్టాలరు కడుపులో ఇమిడియున్న పార్టిషన్ పనిముట్టు, ఎంతదూరము పోగలదు, ఎచ్చట ఆగును, ఏల ఆగును అనునవి తెలియవలెనన్నచో మొదట దస్త్రమునకును భూమికిని గల భేదము తెలియవలెను. మా గోదావరి వారికి దానిని వేరుగా బోధింపనక్కరలేదు గనుక అక్కడినుండి మొదలుపెట్టితిని.

దస్త్రము సంగతి చూతము. 1983 మార్చిలో వెలువడిన పీసీ డాస్ 2.0 తో హార్డుడిస్కును భాగములు చేయు పద్ధతి ఐబీఎం పర్సనల్ కంప్యూటరులో ప్రవేశించినది. ఎంబీఆర్ అను పేరు గల ఈ పద్ధతిలో డిస్కు మొట్టమొదటి సెక్టారే దస్త్రము. దాని పరిమాణము 512 బైట్లు. అందు 446 బైట్లు యంత్రమును మేల్కొలుపు చిన్న ప్రోగ్రామునకు పోవును. కట్టకడపటి 2 బైట్లు ఇది చెల్లుబాటగు సెక్టారేయని తెలుపు ముద్రకు పోవును. నడుమ మిగులునవి 64. ఒక్కొక్క భాగము ఎచ్చట మొదలై ఎంతవరకు సాగునో వ్రాయుటకు 16 బైట్లు కావలెను గనుక నాలుగు భాగములకు మాత్రమే చోటున్నది. ఆ నాలుగు అను సంఖ్యలో ఇంతకంటె గూఢార్థమేదియు లేదు. కాగితము చాలలేదు, అంతే.

ధవళేశ్వరమున సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి నిలిపిన ఆనకట్టయు నాలుగు ఖండములే: ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము. నదిలో ఆనాడు ఎచ్చట లంకలుండెనో అచ్చట గోడను ఆపి, లంక దాటిన పిమ్మట మరల ఎత్తుకొనిరి, అందువలన నాలుగైనవి. నూటముప్పది యేండ్ల తరువాత, 1982లో పూర్తియైన 175 తలుపుల క్రొత్త బ్యారేజియు ఆ నాలుగు ఖండముల లెక్కనే అనుసరించినది. మొదటివాడు తనకున్న అవసరమునుబట్టి గీసిన గీత, వాని అవసరము తీరి, వాడును పోయిన పిమ్మట కూడ, తరువాతి తరములవారి చేతిని పట్టుకొని నడిపించుచునే యుండును.

డిస్కు విషయమున ఈ నాలుగు చేసిన చికాకు అంతయింత గాదు. 1987లో వచ్చిన డాస్ 3.3 ఒక ఉపాయము పన్నినది. నాలుగింట ఒకదానిని విస్తృత విభాగమని పిలిచి, దాని లోపల మరికొన్ని చిన్న విభాగములను ఒకదాని కొకటి గొలుసుకట్టుగా తగిలించినది. ఇది ఉపకౌలు వంటిది. పై కౌలుదారుని కాగితము చెడిన క్రింది వారందరి హక్కులును గాలిలో వ్రేలాడినట్లు, గొలుసులో ఒక కొలికి చెడిన ఆవల నున్న విభాగములన్నియు కంటికి కానరాకుండ పోవును. తరువాతి కాలమున విండోస్ 7 ఇన్‌స్టాలరు, ఎవరిని అడుగకుండనే, తన కొరకు 100 మెగాబైట్ల చిన్న విభాగము నొకటి కోసికొనుట మొదలుపెట్టినది; సి డ్రైవు రెండవది; ల్యాప్‌టాపు అమ్మినవారు మరమ్మతు కొరకు దాచిన భాగము మూడవది; వారి స్వంత ఉపకరణములకు నాలుగవది. అట్టి యంత్రమును తెచ్చి లైనక్సు అను మరియొక ఆపరేటింగ్ సిస్టమును నెలకొల్పబోయినవాడు, సి డ్రైవును కుదించి వంద గిగాబైట్లు ఖాళీచేసికొని కూర్చున్నను, ఇన్‌స్టాలరు ఆ ఖాళీని చూపి, ప్రక్కనే ‘వాడరానిది’ అని వ్రాసెడిది. నేల యున్నది, దున్నుటకు ఎడ్లున్నవి, పట్టాపుస్తకములో పుట లేదు! ఆ ఒక్క మాట ఎదుట తల పట్టుకొని కూర్చున్న విద్యార్థులను నేను పెక్కుమందిని చూచితిని. నాలుగు గళ్లును నిండినవని చెప్పుటకు ఒక్క వాక్యము చాలును; ఆ వాక్యము తెరపై ఉండెడిది కాదు.

ఎంబీఆర్‌కు మరియొక ఎల్ల కలదు. సెక్టార్ల సంఖ్యను 32 బిట్లలో వ్రాయుటచేత, సెక్టారునకు 512 బైట్ల చొప్పున, 2,19,902 కోట్ల బైట్లకు పైబడిన స్థలమును ఆ పట్టిక పేర్కొనజాలదు. 1983లో పది మెగాబైట్ల డిస్కే ఐశ్వర్యమనుకొన్నవారికి ఇది అనంతముగా తోచియుండును. 2010 ప్రాంతమున మూడు టెరాబైట్ల డిస్కులు అంగడికి వచ్చినపుడు పాత దస్త్రము వానిలో నాలుగవ వంతుకు పైగా గుర్తింపలేకపోయినది. అప్పటికే ఇంటెల్ వారు రూపొందించియున్న జీపీటీ పద్ధతి ఈ కొరతలను చాలవరకు తీర్చినది: అంకెలు 64 బిట్లు, సామాన్యముగా 128 విభాగములకు చోటు, దస్త్రము చెడినదో లేదో పరీక్షించుటకు ఒక సరిచూపు సంఖ్య, అన్నిటికంటె ముఖ్యముగా డిస్కు చివర మరియొక నకలు. దస్త్రమునకు నకలుండవలెనని తెలిసికొనుటకు కంప్యూటరు వారికి దాదాపు పదునైదేండ్లు పట్టినది. తాలూకా కచేరిలో ఒకటి, ఊరిలో ఒకటి ఉంచుకొన్న మనవారికి ఇది క్రొత్త గాదు.

ఇక భూమి సంగతి. ఇది చెప్పుటకు నా అవివేకము నొకదానిని బయట పెట్టుకొనక తప్పదు. ఇరువదియేండ్ల క్రిందట రాజమహేంద్రవరములో, పాత కంప్యూటరుపై క్రొత్త ఆపరేటింగ్ సిస్టమును వేయుచు, ఖాళీదే కదాయని ఒక విభాగమును తొలగించితిని. అర నిమిషమైనను పట్టలేదు. ఆ విభాగములోనే నా వ్యాసములన్నియు ఉన్నవని మరి రెండు నిమిషములకు స్ఫురించినది. ఆ రాత్రి నేను పడిన వేదన యెట్లున్నను, మరునాడు ఒక మిత్రుడు క్రిస్టోఫ్ గ్రెనియే వ్రాసిన టెస్ట్‌డిస్క్ అను ఉచిత ప్రోగ్రామును తెచ్చి డిస్కంతయు వెదకించి, పోయిన విభాగము మొదలును తుదియు కనిపెట్టి పట్టికలో మరల వ్రాయించెను. వ్యాసములు అక్షరము పోకుండ తిరిగి వచ్చినవి. ఏలయన, నేను తొలగించినది పట్టికలోని పదునారు బైట్లను. వ్యాసములు ఎక్కడివక్కడనే యున్నవి. 1925లో కృష్ణా జిల్లానుండి పశ్చిమ గోదావరి విడివడినపుడు గాని, 2022 ఏప్రిల్‌లో పట్టిసీమ ఏలూరు జిల్లాలో చేరినపుడు గాని ఒక్క ఇంటి పునాదియు కదలలేదు కదా. దస్త్రముల అట్టలు మారినవి.

విభాగమును తొలగించుట, సృష్టించుట అను రెండు పనులు ఇంత సులభముగా, ఇంత వేగముగా జరుగుటకు ఇదియే కారణము. ప్రతి ఇన్‌స్టాలరును ఈ రెంటిని నిర్భయముగా చేయును. ఉన్న విభాగమును కుదింపుమన్నపుడు మాత్రము పని స్వభావమే మారును. చేనిలో పంట ఉండగా గట్టు లోపలికి జరుపవలెనన్నచో, జరుపబోవు మేరలోని పంటను మొదట ఇవతలికి తెచ్చి నాటవలెను. ఆపిమ్మటనే గట్టు కదల్పవలెను. డిస్కుపైనను అంతే. విభాగము చివరనున్న ఫైళ్ల ముక్కలను ముందుకు తెచ్చి, ఏ ముక్క ఎచ్చటికి పోయెనో ఫైల్ సిస్టమ్ అను లోపలి లెక్కలో దిద్ది, ఆ లెక్క సరిపోయిన తరువాతనే పట్టికలో క్రొత్త హద్దు వ్రాయవలెను. పెంచునపుడు క్రమము తలక్రిందులు: మొదట గట్టు, తరువాత పంట. ఈ క్రమము తప్పినచో ఫైల్ సిస్టమ్ తనది కాని నేలపై విత్తును, లేదా తన పంటనే పొరుగువానికి అప్పగించును.

లోపలి లెక్క ఒక్కొక్క ఫైల్ సిస్టమునకు ఒక్కొక్క తీరున నుండుట ఇందలి అసలు చిక్కు. 1990ల నడుమ లైనక్సు పంపిణీలతో వచ్చిన ఫిప్స్ అను చిన్న పనిముట్టు ఫ్యాట్ అను ఫైల్ సిస్టము గల విభాగమును రెండుగా చీల్చగలిగెడిది. కాని ఫైళ్లను ముందుకు జరిపి ఉంచు పని వాడుకరి చేసిపెట్టవలసి యుండెను. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను కుదించు స్వేచ్ఛాసాధనము 2002 ప్రాంతమున వచ్చి డెబియన్ వంటి లైనక్సు పంపిణీల ఇన్‌స్టాలర్లలో చేరినది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనునది పెరుగుటయే గాని తరుగుట ఎరుగదు. దానిని కుదింపగోరువాడు సరకంతయు మరియొక చోటికి దించి, చెరిపి, మరల కట్టుకొనవలసినదే. పార్టెడ్ అను ప్రసిద్ధ ఉపకరణమును నిర్వహించువారు 2011లో తమ 3.0 కూర్పునుండి విభాగమును జరుపుట, ఫైల్ సిస్టమును సవరించుట మొదలగు ఆజ్ఞలను తీసివేసిరి. దీనిని అసమర్థత యని కొందరు నిందించిరి గాని, నేను వివేకమందును; గొలుసు పట్టి కొలుచువాడు నాగలి పట్టకుండుటయే మేలు.

విండోస్ ఇన్‌స్టాలరు ఇంకను నియమముగా నుండును. విభాగమును పుట్టించును, తొలగించును, ఫార్మాటు చేయును, ప్రక్కన ఖాళీ యున్న పెంచును, కుదింపదు. కుదించు సదుపాయము విస్టా కాలమునుండి విండోస్ లోపలనే, డిస్క్ మేనేజ్‌మెంట్ అను చోట నున్నది. అదియు పూర్తిగా చేయునా యన్నచో, నాలుగువందల గిగాబైట్లలో మూడువందలు ఖాళీగా నున్నను సగము దగ్గర ఆగిపోవుట కలదు. పేజ్ ఫైలు, నిద్రావస్థను దాచు ఫైలు, ఫైళ్ల మూల సూచిక వంటివి నడుచుచున్న విండోస్ క్రిందనుండి కదలవు. గట్టు ఆ మఱ్ఱిచెట్టు దగ్గర నిలిచిపోవును. పెంచుటలోను ఇట్టి చిక్కే. సి డ్రైవు నిండినది, డి ఖాళీగా పడియున్నది, అటునుండి ఇటు కొంత కలుపరాదాయని అడుగని ఇల్లు మన ఆంధ్రదేశమున లేదేమో! కలుపవచ్చును, ఖాళీ సి డ్రైవునకు కుడిప్రక్క ఆనుకొని యున్నప్పుడు. ఇటీవలి విండోసులో సి డ్రైవు వెంటనే మరమ్మతు విభాగ మొకటి కాపు కూర్చుండుటచేత, డిని మొత్తము త్యజించినను ఖాళీ ఆ చిన్న చెక్కకు ఆవలనే మిగులును. మధ్య చెక్క పరులది. దాటించి దున్నుటకు వీలులేదు.

అన్నిటికంటె భయంకరమైనది విభాగము ఆరంభమును జరుపుట. చివరను జరిపినపుడు చివరి పంట కదలును. ఆరంభమును జరిపినపుడు మొత్తము కమతమును పెకలించి తరలింపవలెను. రెండువందల గిగాబైట్లను సెకనునకు యాబది మెగాబైట్ల చొప్పున తరలించుటకు నాలుగువేల సెకన్లు, అనగా గంటకు పైగా పట్టును. ఆ గంటలో కరెంటు పోయినచో సగము క్రొత్తచోట, సగము పాతచోట నుండి, ఏ లెక్కకును చెందని స్థితి కలుగును. గోదావరి తీరమున జ్యేష్ఠమాసపు సాయంకాలపు గాలివాన ఎరిగినవాడెవడును ఆ పందెము కాయడు; ఇన్‌స్టాలర్లు వ్రాయువారును కాయరు. ఈ పనికి పెన్‌డ్రైవు నుండి నడచు జీపార్టెడ్ వంటి వేరు సాధనములు కలవు, తీరికగా, బ్యాటరీ నిండుగా నున్ననాడు చేసికొనుటకు.

పోయిన వేసవిలో రాజమహేంద్రవరమున ఇంజనీరింగు చదువు మా మేనల్లుడు సెలవులకు పట్టిసీమ వచ్చి, వీధి అరుగుపై ల్యాప్‌టాపు పెట్టుకొని లైనక్సు నెలకొల్ప మొదలిడి, అరగంటకు ముఖము చిన్నబుచ్చుకొని లోపలికి వచ్చెను.

“మావయ్యా, ఈ ఇన్‌స్టాలర్ పాడైపోయిందండీ. విండోస్ పక్కన పెట్టుకునే దారే చూపించట్లేదు. ఉంటే మొత్తం చెరిపేస్తానంటోంది, లేదంటే నువ్వే పంచుకో అంటోంది.”

“విండోస్ ఎలా ఆపావురా?”

“మామూలుగానే, షట్ డౌన్ నొక్కానండి.”

“ఈసారి షిఫ్ట్ మీద వేలుంచి నొక్కు.”

నొక్కెను, దారి కానవచ్చెను. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలు, మనము ఆపితిమనుకొన్న యంత్రము నిజముగా ఆగక, త్వరగా లేచుటకై తన లెక్కలను తెరచియుంచియే కనుమూసికొనుచున్నది. తెరచియున్న లెక్కపుస్తకమున ఇతరుడు వ్రాయరాదు గనుక లైనక్సు ఇన్‌స్టాలరు కుదించుటకు నిరాకరించుట న్యాయమే. ఆ నిరాకరణకు కారణము చెప్పకపోవుట అన్యాయము. విభాగమంతయు బిట్‌లాకరు తాళములో నున్నపుడును ఇట్లే జరుగును. ఆ సంగతి కొన్ని ఇన్‌స్టాలర్లు ఇపుడిపుడు నోరు విప్పి చెప్పుచున్నవి. డిస్కు ఇంటెల్ వారి రెయిడ్ అమరికలో నుంటే కొన్నిటికి డిస్కే కనబడదు. విద్యార్థి డిస్కు చెడినదనుకొని దుకాణమునకు పరుగెత్తును. ఈ సాధనములు చేయలేనివాని జాబితా పొడవైనదని నాకు ఫిర్యాదు లేదు, చేయలేకపోవుటకు పెక్కింటికి మంచి కారణములున్నవి. ఏమియు ఎరుగని మనిషిని ‘అన్నియు చెరుపుదునా, నీవే పంచుకొందువా’ అను రెండు కొసల నడుమ నిలిపి మౌనము వహించుటయే నాకు కిట్టని సంగతి. 2013 జనవరిలో ఫెడోరా 18 అను లైనక్సు పంపిణీ తన పంపక తెరను క్రొత్తగా తీర్చినపుడు ఆరితేరినవారు సైతము త్రోవ తప్పి మొరపెట్టుకొనిరి. ఇక మొదటిసారి చేయువాని గతి చెప్పనేల?

ఇందు భాషకును పాలు కలదు. హైదరాబాదు కేంద్రముగా 2005లో ఆరంభమైన స్వేచ్ఛ ఉద్యమమువారు తెలుగులో మాటలాడు లైనక్సును విద్యార్థులచేతనే తయారు చేయించిరి. డెబియన్ ఇన్‌స్టాలరు భాషల పట్టీలోను తెలుగు కలదు. ఐతే అది బొమ్మల తెరలో మాత్రమే. వట్టి అక్షరముల తెర మన గుణింతములను, ఒత్తులను కూర్చలేక చేతులెత్తివేయును. తెలుగులో అడిగిన ప్రశ్న తెలుగువానికి కొంత తేలికగా బోధపడును, నిజమే. కాని మౌంట్ పాయింటు అనగా నేమో ఎరుగనివానికి దానిని ఏ భాషలో అడిగినను ఒకటే. తెనిగించువారు మాటను తెనిగింపగలరు. పల్లెటూరి కరణమువలె ప్రక్కన కూర్చుండి, “బాబూ, ఈ చెక్క నీకు తరువాత అక్కరకు వచ్చును, ఇప్పుడు ముట్టకుము” అని చెప్పువానిని ఏ అనువాదమును తేజాలదు.

పట్టిక నిండ గట్లు గీయుటకు బదులు నీటిని తూములతో పంచు పద్ధతియు డిస్కులకు వచ్చినది. 1998లో హైంజ్ మౌయెల్స్‌హాగన్ లైనక్సునకు వ్రాసిన ఎల్వీఎంలో విభాగములు నేలపై గీతలు గావు. డిస్కులన్నిటి స్థలమును ఒక చెరువుగా చేర్చి, ఎవరికి కావలసినంత వారికి వదలి, చాలకున్న మరికొంత విడుచుట. ప్రక్కప్రక్కన ఆనుకొని యుండవలెనను నియమము ఇందు పోయినది. ఇంత మంచి ఏర్పాటును చేతిలో పెట్టుకొని, తరచుగా ఇన్‌స్టాలర్లు చెరువునంతయు మొదటిరోజుననే చేలకు విడిచివేసి, రేపటికి చుక్కయు మిగల్పవు. డెబియన్ ఎంత వాడుదునని అడుగును. అడిగినపుడు కొంత తక్కువ చెప్పుట మేలు. కుదింపరాని ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను దానిపై పరచువారి విషయమున ఇది మరింత నిజము.

మేనల్లుని యంత్రములో పని ఆ సాయంకాలమే ముగిసినది. సి డ్రైవును విండోస్ లోపలనుండియే కుదించి, ఏర్పడిన ఖాళీలో లైనక్సును పెట్టితిమి. డి జోలికి పోలేదు. పాఠకులలో ఎవరైన ఈ పనికి పూనుకొనువారున్నచో నా మనవి యిది: ముందుగా ఫైళ్లను వేరొక డిస్కునకు ఎక్కించుకొనుడు, పట్టికలో ఇప్పుడున్న విభాగములను, వాని పరిమాణములను ఒక కాగితముపై వ్రాసి పెట్టుకొనుడు, విండోసును షిఫ్టు నొక్కియే ఆపుడు, బిట్‌లాకరు తాళపు అంకెలు చేత నుంచుకొనుడు, కుదించు పనిని ఆ విభాగమునకు యజమానియైన ఆపరేటింగ్ సిస్టముచేతనే చేయించుడు, బ్యాటరీ నిండనిదే, మబ్బు పట్టిన సాయంకాలమున, ఆ చివరి మీట నొక్కకుడు.